విలేకరి నవల రాయాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ వారం విలేకరులు నవలా రచనకి ఎలా మళ్లాలన్నది విషయం. శ్రీకాకుళం స్టూడియోలో మాస్టారు ఉన్నారు. పలాస నుంచి మొదటి కాల్, చెప్పండి.

పలాస శ్రోత: నమస్కారం మాస్టారూ. ఇరవై రెండేళ్లు పత్రికకి ఊరి విలేకరిగా, అదే కంట్రిబ్యూటర్‌గా రాసేను. కటింగులన్నీ దాచేనండి. తిత్లీ తుపాను మీదే ఒక కట్ట ఉంది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, కరెంటు లేని రోజులు, పరిహారం జాబితాలో తప్పులు... అన్నీ వరసగా పేర్చితే నవల అయిపోదాండి?

మాస్టారు: అవదు బాబూ. వార్తలో ముఖ్యమైన సంగతి ఇంట్రోలోనే, అంటే మొదటి పేరాలోనే చెప్పేస్తాం, చోటు చాలకపోతే ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు కింద నుంచి కోసేస్తుంది. నవల మొదటి పేజీలోనే అంతా చెప్పేస్తే రెండో పేజీ ఎవరు తిప్పుతారు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అది వార్త. ఆ చీకట్లో ఓ కొబ్బరి రైతు తలుపుకి వీపు ఆనించి కూచున్నాడు. చెట్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది, ఎన్ని పడ్డాయో తెల్లారితే గానీ తెలీదు. నవల అక్కడ మొదలవుతుంది. కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది కదా. ఆ ఏళ్లలో అప్పు, కూతురి పెళ్లి, కొడుకు వలస. మీరు రాయవలసింది ఆ ఏళ్లని.

పలాస శ్రోత: అదేనండి, కటింగుల మధ్యలో కాస్త కల్పన కలిపితే...

మాస్టారు: మళ్లీ అదే అడుగుతున్నారు. కట్ట మూసేసి అటక మీద పెట్టండి. ఒక మనిషిని పట్టుకోండి. అతనికి ఏం కావాలి, ఏది అడ్డం? తరవాత ఒక్కో సన్నివేశానికి ఒక్కో కార్డు: ఎవరు, ఎక్కడ, ఏ నెల, చివరికి ఏం మారింది. ఏమీ మారలేదంటే ఆ కార్డు చింపేయండి. రోజుకి 500 మాటలు రాస్తే వంద రోజుల్లో 50,000. తేదీలు, ధరలు సరిచూడ్డానికి మాత్రం అప్పుడు కట్ట దించండి. ఇంకోటి. ‘పేర్కొన్నారు’, ‘ఆవేదన వ్యక్తం చేశారు’ కనబడిన చోటల్లా కొట్టేసి ‘అన్నాడు’ అని రాయండి. మీ పలాస వైపు ఉద్దానం రైతు నోట ‘ఏమిటి’ కాదు, ‘ఏటి’ అనే రావాలి. పత్రిక భాష పెడితే మనిషి చచ్చిపోతాడు.

పలాస శ్రోత: మరి పేర్లండి? అసలు పేర్లే...

మాస్టారు: వద్దు. పేరు మార్చినా చాలదు. హోదా, ఊరు, ఏడాది, వేషం అన్నీ అవే ఉంటే ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. నేరాల చట్టం భారతీయ న్యాయ సంహితలో 356 పరువునష్టం సెక్షను. నవల అని పైన రాసుకున్నంతలో రక్షణ రాదు.

యాంకర్: ధన్యవాదాలండీ. బొబ్బిలి.

బొబ్బిలి శ్రోత: నేను పత్రికలో ఉద్యోగినండి. నా ఫీచర్లు నవల్లో వాడుకోవచ్చా?

మాస్టారు: 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 17 చూడండి. ఉద్యోగంలో భాగంగా పత్రిక కోసం రాసినదాన్ని పత్రికల్లో అచ్చువేసే హక్కు యాజమాన్యానిది, మిగతా విషయాల్లో మొదటి హక్కు మీది. వేరే ఒప్పందం లేకపోతేనే సుమా. ముందు అపాయింట్‌మెంట్ లెటర్ చదువుకోండి.

యాంకర్: చీపురుపల్లి.

చీపురుపల్లి శ్రోత: మాస్టారూ, అత్యాచారం కేసు ఒకటి కవర్ చేసేను. బాధితురాలి పేరు మార్చి...

మాస్టారు: ఇందాక చెప్పేను కదమ్మా, పేరు మారిస్తే చాలదు! బాధితురాలి ఆనవాలు తెలిసేలా అచ్చువేయడం న్యాయ సంహిత 72 ప్రకారం నేరం. ఊరు, కుటుంబం, చదువు, కేసు నడిచిన తీరు అన్నీ మార్చండి. అలా మార్చితే కథ నిలవదనిపిస్తే ఆ కథ మనది కాదు, వదిలేయండమ్మా.

యాంకర్: ఆఖరి కాల్, ఆమదాలవలస. త్వరగా.

ఆమదాలవలస శ్రోత: రాయడం అయిపోయిందండి. అను ఫాంట్లలో, అదే డీటీపీ వాళ్లు వాడే అక్షరాల్లో ఉంది. ప్రెస్సుకి ఇచ్చేయొచ్చా?

మాస్టారు: ముందు ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఒక కాపీ ఉంచుకోండి, ఈ-బుక్‌కి అదే కావాలి. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, ప్రతి పేజీ కంటితో చూడాలి. ప్రెస్సులో పేజీలు కట్టలుగా అచ్చవుతాయి, ఒక్కో కట్ట ఒక ఫారం; పేజీలు 16 చొప్పున ఫారాలుగా లెక్క కట్టండి. 192 అంటే సరిగ్గా 12 ఫారాలు, 194 అయితే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం అవుతుంది. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి. మరి ఆ పేర్లు...

యాంకర్: సమయం అయిపోయింది మాస్టారూ. నమస్కారం.