కనిపించని దురదతో కాపురం
(పర్లాకిమిడిలో తెలుగు పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

ఆరోగ్యం మీద మాట్లాడమంటే బీపీ, షుగరు అంటానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దురద గురించి మాత్రం ఎవరూ మైకు ముందుకొచ్చి చెప్పరు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, చాలా ఏళ్లుగా ఈ బాధ పడుతున్నవాణ్ణి. అందుకే ఈ సాయంత్రం దాని గురించే చెబుతాను.

గజ్జి, తామర గురించి కాదు నేను చెప్పేది. ఈ దురదకు ఒంటి మీద పొక్కు ఉండదు, దద్దురు ఉండదు, అయినా తగ్గదు. ఆరు వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలిక దురద అంటారు. పగలు ఏదో పనిలో పడి ఓర్చుకుంటాం. రాత్రి లైటు ఆర్పి పక్క మీద వాలామో లేదో మొదలు. రాత్రిపూట చర్మం కాస్త వేడెక్కుతుంది, ఒంట్లో తేమ చర్మంలోంచి ఎక్కువగా పోతుంది, వాపును అణచే కార్టిసాల్ హార్మోను తగ్గి ఉంటుంది. మనసు మళ్లించడానికి పనీ ఉండదు. రాత్రి పెరుగుతోందని చెప్పేవాళ్లు ఉన్నమాటే చెబుతున్నారు.

ముందు పరీక్షలు. ఈ మాట మన ప్రాంతంలో గట్టిగా చెప్పాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కవిటి, సోంపేట, కంచిలి వైపు చుట్టాలు లేనివాళ్లు తక్కువ. ఆ ఊళ్లున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, ముఖ్యంగా డయాలసిస్ దాకా వచ్చినవాళ్లకు, ఒళ్లంతా దురద పెట్టడం మామూలే. కాబట్టి అటువైపు మనిషి ఎవరైనా దురద అంటే, పూతమందు ట్యూబు కొనే ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించండి. దాంతోపాటు లివరు, థైరాయిడ్, షుగరు, రక్తంలో ఇనుము, రక్తకణాల లెక్క. వాడుతున్న మందుల పేర్లన్నీ చీటీ మీద రాసుకెళ్లండి, కొన్ని మందులు కూడా దురద తెస్తాయి. స్నానం చేసి తుడుచుకోగానే ఒళ్లంతా పొడుస్తున్నట్టు ఉంటే అది కూడా చెప్పండి, ఎర్రకణాలు మితిమీరినప్పుడు అలా జరుగుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి పట్టుకుంటే అది గజ్జే కావచ్చు. అప్పుడు దురద లేనివాళ్లతో సహా అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి.

అన్నీ చూశాక రిపోర్టులు నార్మల్ అని వస్తే? నాకు అలాగే వచ్చాయి. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేస్తారు. ఇంట్లో ‘అంతా నీ మనసులోనే ఉంది’ అంటారు. దురద కోసమే పనిచేసే సన్నని నరాలు మనిషి చర్మంలో ఉన్నాయని 1997లోనే తేలింది. కాలింగ్ బెల్ వైరు షార్టయితే గుమ్మంలో ఎవరూ లేకపోయినా బెల్లు మోగుతుంది, ఆ నరాలు దారి తప్పినా అంతే. భుజం ఎముక పక్కన ఒక్కచోటే ఏళ్ల తరబడి దురద పెట్టేవాళ్లకు చాలాసార్లు వెన్ను దగ్గర నరం నొక్కుకుపోవడమే కారణం.

తెలిసిన డాక్టరు మీ వీపు చూస్తారు. భుజాల మీద, నడుము మీద గోళ్ల గీతలు, నల్లమచ్చలు ఉండి, చెయ్యి అందని నడిమి భాగం మాత్రం శుభ్రంగా ఉంటే, ఆ మచ్చలన్నీ గోకడం వల్ల వచ్చినవే అని అర్థం. ఇదిగో, నా గోళ్లు చూడండి, నున్నగా మెరుస్తున్నాయి. ఏళ్ల తరబడి గోకితే ఇలా అవుతాయి.

గోకితే హాయిగా ఉంటుంది, కాదనను. గోకినప్పుడు కలిగే చిన్న నొప్పి కాసేపు దురదను కప్పేస్తుంది. ఆ నొప్పిని అణచడానికి మెదడు సెరటోనిన్ అనే రసాయనం వదులుతుంది, అది దురద నరాలను ఇంకా రేపుతుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో 2014లో బయటపడిన సంగతి ఇది. గోకొద్దు అని ఊరికే అంటే కుదరదు, చేతికి వేరే పని ఇవ్వాలి. అరచేత్తో గట్టిగా అదమండి. చల్లటి తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఉంచండి, చల్లదనానికి దురద నెమ్మదిస్తుంది. గోళ్లు ఎప్పటికప్పుడు కత్తిరించుకోండి.

ఇక స్నానం. మోహన, ఆర్.ఉదయగిరి కొండల్లో చలికాలం పొగలు కక్కే నీళ్లు పోసుకుని పీచుతో రుద్దుకుంటే ఆ క్షణం ప్రాణం లేచొస్తుంది, రాత్రికి ఒళ్లు భగ్గుమంటుంది. గోరువెచ్చని నీళ్లు చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో పెట్రోలియం జెల్లీయో పట్టించండి. ఖరీదైన క్రీము అక్కర్లేదు. రోజూ, మానకుండా చెయ్యాలి, అదే కష్టం.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల మీద నాకు కోపం ఉంది. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నింటిని 2018లో కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, తామర ఉంటే దాని రూపం మారిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేనంతగా ముదురుతుంది. సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర దద్దుర్లకు మంచి మందు, ఈ దురదకు చాలామందిలో పెద్దగా పనిచేయదు. నరాల దురదకు గాబాపెంటిన్ లాంటివి ఉన్నాయి, కాంతి చికిత్స ఉంది. గాబాపెంటిన్ మత్తు తెస్తుంది, కిడ్నీ బాగోలేనివాళ్లకు డోసు బాగా తగ్గించాలి. డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. ఈ మనిషి పెళ్లిళ్లకు రాకపోతే, బంతిలో చివర కూర్చుంటే, అంటురోగం అనుకుంటారేమో అన్న భయంతోనే. గోకొద్దని పదిమందిలో గద్దించకండి. రాత్రి లేచి కూర్చుంటే వీపుకి కాస్త నూనె రాయండి.

ఒకసారి రిపోర్టులు బాగున్నాయని ఫైలు అటకెక్కించకండి. దురద తగ్గకపోతే కొన్నాళ్లకు మళ్లీ చూపించుకోవాలి. కళ్లు పచ్చబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రాత్రి చెమటలతో పక్క తడిసినా, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినా, పాదాలు ఉబ్బి మూత్రం తగ్గినా ఇంకో వారం చూద్దాం అనుకోవద్దు. నది దాటి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్తారో, బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తారో మీ ఇష్టం, మర్నాడు పొద్దున బస్సుకే బయల్దేరండి.