ములగచెట్టు దగ్గర ఒక ఏడాది

ముందు ఈ ఫోటో చూడండి. ఎండిపోయిన ములగకొమ్మ. దానికి నిమ్మకాయ పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి బయటికి చూస్తున్న తల కనిపించిందా? నుదుటి మీద కుంకుమబొట్టు పెట్టినట్టు ఎర్ర మచ్చ, కంటి చుట్టూ పసుపు, ముక్కు మొదట్లో మీసాల్లాంటి వెంట్రుకలు. ఇది కంసాలి పిట్ట. ఇంచుమించు పిచ్చుకంత ఉంటుంది. ఎండలు ముదిరే రోజుల్లో ఎవరో రాగిబిందెకి సొట్టలు తీస్తున్నట్టు "టంక్... టంక్... టంక్" అని ఆగకుండా వినిపిస్తుంది కదా, ఆ గొంతు దీనిదే. ఆ చప్పుడు మన ఊళ్ళో వినని వాళ్ళుండరు. పిట్టని చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

నమస్కారం అండీ. మాది విశాఖపట్నం, గోపాలపట్నం వైపు. నేను షిఫ్ట్ డ్యూటీ మనిషిని. డ్యూటీ లేని ఉదయాల్లో కెమెరా పట్టుకుంటాను. ఈ వీడియోలో మీరు చూసే ఫోటోలన్నీ రెండే చోట్ల తీసినవి. ఒకటి మా పెరడు, రెండోది ఆనందపురం దాటాక పద్మనాభం వెళ్ళే దారిలో ఒక పల్లె. ఏడాది పొడుగునా ఆ రెండు చోట్లకే తిరిగాను. ఎందుకో చెబుతాను.

2014 అక్టోబర్ 12. ఆ తేదీ విశాఖ వాళ్ళకి గుర్తు చెయ్యక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. మా పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే ఎటు చూసినా మోడులే. చాలారోజులు కాకులు కూడా గోడల మీద, తెగిన తీగల మీద కూర్చునేవి. వేప ఉన్న గోతిలో మా అమ్మ ఒక ములగకొమ్మ పాతింది. ములగ సంగతి తెలుసుగా, కొమ్మ గుచ్చితే చాలు, బతికేస్తుంది. అదే ఈ చెట్టు.

పూత మొదలైందంటే తేనెపిట్టలు తెల్లవారకముందే దిగిపోతాయి. మగది నీడలో ఉంటే ఉత్త నల్లపిట్ట. ఎండ పడిందా, నెమలికంఠం పట్టుచీరలాగా నీలం, ఊదా తళుక్కుమంటాయి. అందుకే సూర్యుడు నా వీపు వెనక ఉండేలా నిలబడి, ఆరున్నర నుంచి ఎనిమిది లోపల తీస్తాను. రెక్క కదలిక ఆగాలంటే షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు అయినా ఉండాలి. ఇంకో మాట. పిల్లల్ని పెంచే కాలం అయిపోయాక ఈ మగపిట్ట రంగు మారుస్తుంది. ఆ తళుకంతా పోయి, పసుపు పొట్ట మీద గొంతు నుంచి కిందకి ఒక నల్లగీత మాత్రం మిగులుతుంది. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను, చూడండి. ఒకే జాతి, ఒకే కొమ్మ, నెలలే తేడా. ఒక్కసారి వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళిపోతే ఇది ఎప్పటికీ తెలియదు.

చెట్టుకి ఒక కొమ్మ ఎండిపోయింది. "గాలికి విరిగి ఎవరి నెత్తినో పడుతుంది, కొట్టించెయ్ బాబూ" అని పక్కింటి పిన్నిగారు రెండు మూడుసార్లు అన్నారు. నేనూ కత్తి తీశాను. అప్పటికే కింద నేల మీద రంపపు పొట్టులాంటిది రాలి ఉంది. తలెత్తి చూస్తే కంసాలి పిట్ట. వడ్రంగి పిట్టకి ఉన్నంత బలమైన ముక్కు దీనికి లేదు. అందుకని మెత్తబడిన ఎండుకొమ్మ వెతుక్కుంటుంది. ఆడా మగా వంతులేసుకుని తొలుస్తాయి. ఒకటి లోపలికి దూరి, ముక్కు నిండా పొట్టు పట్టుకొచ్చి, తల అటూ ఇటూ విదిలించి పారబోస్తుంది. మళ్ళీ లోపలికి. నేను కత్తి లోపల పెట్టేసి, ఒక నైలాన్ తాడుతో ఆ కొమ్మని పచ్చి మానుకి కట్టాను. పిన్నిగారికి కెమెరా స్క్రీన్ మీద చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "దీని బొట్టు భలే ఉందే" అన్నారు. ఆ తర్వాత కొమ్మ మాట ఎత్తలేదు. పెరళ్ళలో ఎండుకొమ్మలన్నీ కొట్టించేస్తే ఈ పిట్ట ఎక్కడికి పోతుంది చెప్పండి?

ఇప్పుడు ఈ వీడియోలో లేని ఫోటో గురించి చెప్పాలి. కెమెరా కొత్తగా కొన్న రోజుల్లో మా మందారపొదలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. మూడు గుడ్లు, లేత గులాబీ మీద ఎర్ర చుక్కలు. పిల్లలు వచ్చాక, నోళ్ళు తెరిచి ఉన్న ఫోటో కావాలనిపించింది. ఆకులు అడ్డొస్తున్నాయని రెండు రెమ్మలు పక్కకి వంచి దారంతో కట్టాను. ఫోటో చాలా బాగా వచ్చింది. దారం విప్పడం మర్చిపోయి డ్యూటీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ. కాకికి దారి నేనే చూపించాను. తల్లిపిట్ట నోట్లో పురుగుతో ఆ పొద చుట్టూ చీకటి పడేదాకా తిరిగింది. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు, చూపించను. గూడు దగ్గర ఆకు కూడా కదపకండి. కిటికీ తెర వెనక నుంచో, దూరం నుంచో ఎంత కనిపిస్తే అంతే తీయండి. ఈ మాట ఎన్ని వీడియోల్లోనైనా చెబుతాను.

వానాకాలం వస్తే నేను పల్లెలో ఉంటాను. అక్కడ ఒక నేలబావి, దాని మీదకి వంగిన ఈతచెట్టు. కొమ్మ కొమ్మకీ గిజిగాడి గూళ్ళు. అల్లేది మగపిట్టే. వరి ఆకునో గడ్డినో సన్నటి పీలికగా చీల్చి తెస్తుంది. సగం అల్లాక, బోర్లించిన టోపీలా ఉన్నప్పుడు, ఆడపిట్టలు వచ్చి చూసుకుంటాయి. నచ్చితేనే మగది మిగతా గొట్టం అల్లుతుంది. లోపల తడిమట్టి కూడా మెత్తుతుంది. గూళ్ళు ఎక్కువగా చెట్టుకి తూర్పువైపే వేలాడతాయి, నైరుతి గాలి నేరుగా కొట్టకుండా. కాబట్టి పొద్దున్నపూట వెలుతురు మనకి బాగా కలిసొస్తుంది.

ఆ బావి పొలం ఒక తాతది. మొదటి రెండు రోజులూ నేను కెమెరా బయటికి తీయలేదు, ఆయనతో గట్టు మీద కూర్చున్నాను. మూడోరోజు ఆయనే అడిగాడు. "ఏటి బాబూ, పిట్టలకేనా పొటోలు? మా ఎద్దుకి తియ్యవా?" తెల్లటి ఎద్దు, దాని వీపు మీద నల్లటి పసులపోలిగాడు. ఎండలో తీస్తే ఎద్దు తెల్లగా తేలిపోతుంది, పిట్ట బొగ్గుముక్కలా ఉంటుంది. మబ్బు పట్టేదాకా ఆగాం. మబ్బు వెలుతురులో ఎద్దు మూపురం మీది మడతలూ కనిపించాయి, పోలిగాడి కంట్లో మెరుపూ కనిపించింది. ప్రింట్ తీయించి ఇచ్చాను. తాత గోడ మీద క్యాలెండర్ పక్కన తగిలించాడు.

ఊడ్పులప్పుడు దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు బారులు తీరుతాయి. తెల్లకొంగకి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, అంటే కెమెరాలోకి వెళ్ళే వెలుతురు సగం చెయ్యండి, ఈకలు విడివిడిగా వస్తాయి. నాట్లేసే ఆడవాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే తీస్తాను. మన సముద్రపు తేమకి లెన్స్‌లో బూజు పడుతుంది, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాచుకోండి. చలికాలం ఫోటోలు, కళ్ళాలు, అనకాపల్లి వైపు బెల్లం వండే పొయ్యిలు, ఇవన్నీ ఇంకో వీడియోలో పెడతాను.

కంసాలి పిట్ట పిల్లలు ఎగిరిపోయాయి. కొమ్మ ఇంకా తాడుతోనే ఉంది. నిన్న సాయంత్రం వాన పడుతుండగా తాత ఫోన్ చేశాడు. "గిజిగాళ్ళు అల్లడం మొదలెట్టేసినాయి బాబూ. బేగి రా." బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టాను. రేపు తెల్లవారుజామున మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను.