డిస్నీ పాయింట్లు అద్దెకి తీసుకుంటున్నారా? ముందు ఇవి అడగండి

నమస్కారం అండీ. ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో డీలక్స్ రిసార్ట్ రేట్లు చూసి గుండె గుభేల్‌మన్నవాళ్ళకి ఒక దారి ఉంది. డిస్నీ వెకేషన్ క్లబ్ మెంబర్లకి, అంటే డివిసి ఓనర్లకి, ఏటా పాయింట్లు వస్తాయి. వాళ్ళు వాడుకోని పాయింట్లని మనం అద్దెకి తీసుకోవడమే.

ఏ రూముకి ఏ రాత్రికి ఎన్ని పాయింట్లో డిస్నీ చార్టులో ఉంటుంది. మీ 5 రాత్రులకి 100 పాయింట్లు అయ్యాయి, ఓనర్ పాయింటుకి 20 డాలర్లు అడిగారు అనుకోండి, 2,000 డాలర్లు. శుక్ర, శనివారాలకి పాయింట్లు ఎక్కువ. ఆదివారం దిగి శుక్రవారం ఖాళీ చేస్తే కలిసొస్తుంది.

బేరానికి ముందు అడగాల్సింది: "మీ హోమ్ రిసార్ట్ ఏదండీ?" ఓనర్ తన హోమ్ రిసార్ట్‌ని, అంటే తాను మెంబర్‌షిప్ కొన్న రిసార్ట్‌ని, 11 నెలల ముందు బుక్ చేయొచ్చు, మిగతావాటిని 7 నెలల ముందు నుంచే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ రిసార్ట్‌లో వాల్యూ స్టూడియోలు, అంటే తక్కువ పాయింట్లకే వచ్చే ఒంటిగది రూములు, చాలా తక్కువ, 7 నెలల దాకా మిగలడం కష్టం. వాటికోసం సారటోగా స్ప్రింగ్స్ అనే ఇంకో రిసార్ట్ ఓనర్ దగ్గర చవగ్గా పాయింట్లు తీసుకుని లాభం లేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్టూడియో వద్దు. అందులో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, అంతే. వన్ బెడ్‌రూమ్‌లో స్టవ్‌తో పూర్తి వంటగది, వాషింగ్ మెషీన్ ఉంటాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని కిడానీ విలేజ్‌లో అయితే వన్ బెడ్‌రూమ్‌కే రెండు బాత్‌రూమ్‌లు. పొద్దున్నే పార్కుకి బయల్దేరేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రెండో ప్రశ్న: "పాయింట్లు ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతాయి?" ఓనర్ యూజ్ ఇయర్‌లో, అంటే ఆ పాయింట్లు వచ్చిన నెల నుంచి లెక్కేసే 12 నెలల్లో, మొదటి 8 నెలల్లోపే పాయింట్లని తర్వాతి ఏడాదికి బ్యాంక్ చేసుకోవాలి. ఆ గడువు దాటినవే తరచూ తక్కువ రేటుకి వస్తాయి. మీ తేదీలు మారితే వాటిని ముందుకి జరపడానికి ఉండదు. చెక్-ఇన్‌కి 30 రోజుల్లోపు క్యాన్సిల్ చేస్తే పాయింట్లు హోల్డింగ్‌లో పడతాయి, ఆ తర్వాత బుక్ చేసే రోజు నుంచి 60 రోజుల్లోపు బసకి ఖాళీ ఉన్న రూములకే పనికొస్తాయి. అందుకే ఈ అద్దెల్లో మామూలుగా రిఫండ్ ఉండదు. వీసా ఇంకా చేతికి రాని పెద్దవాళ్ళ కోసం ఇలా బుక్ చేయడం మా దృష్టిలో తొందరపాటే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేముందు వీసా రాకపోతే డబ్బిస్తారో లేదో చదవండి.

ఓనర్ నేరుగా దొరికితే బ్రోకర్ కన్నా రేటు తక్కువ, కానీ జాగ్రత్త మీదే. రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)లో మొత్తం ఒకేసారి పంపకండి, మోసం జరిగితే వెనక్కి రావడం కష్టం. కొంత అడ్వాన్స్ ఇచ్చి, కన్ఫర్మేషన్ నంబర్‌ని మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో లింక్ చేసి, మీ పేరు, తేదీలు, రూము రకం సరిచూశాకే మిగతాది కట్టండి. ఆ తర్వాత కూడా ఓనర్‌తో మాటా మంచీ కొనసాగించండి. ఒక పేరు మార్చాలన్నా డిస్నీ దగ్గర మార్పించాల్సింది ఆయనే, మీరు కాదు.

పార్కు టికెట్లు ఇందులో రావు, విడిగా కొనాలి. రెస్టారెంట్ రిజర్వేషన్లు చెక్-ఇన్‌కి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. రోజూ రూము సర్దడం కూడా ఉండదు. వారం లోపు బసకి నాలుగో రోజు చెత్త తీసి, టవల్స్ మారుస్తారు, అంతే.