నడినీటి బతుకు, అడుగు బతుకు

శ్రోతలకు నమస్కారం. సముద్రంలో బతికేవాటికి ఎక్కడైనా ఒకటే నీరు కదా అనుకుంటాం. కానీ నడినీటిలో తిరిగే జీవికి నక్కడానికి రాయి లేదు, ఆనుకోవడానికి నేల లేదు. అడుగున ఉండే జీవికి రెండూ ఉన్నాయి. తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఈసారి చేపల బజారుకు వెళ్తే కవ్వ చేపను కాస్త పరిశీలించండి. వీపు నీలం, పొట్ట వెండి రంగు. పైన ఎగిరే పక్షికి ఆ వీపు నీటి రంగులో కలిసిపోతుంది. కిందినుంచి వచ్చే పెద్ద చేపకు ఆ పొట్ట ఆకాశపు వెలుగులో ఆనదు. దాక్కునే చోటు లేదు కాబట్టి ఒంటి రంగే దానికి మరుగు. ట్యూనా చేపది ఇంకో అవస్థ. నోరు తెరిచి ముందుకు ఈదుతుంటేనే దాని మొప్పలకు సరిపడా నీరు అందుతుంది. ఆగిందా, ఊపిరాడదు.

అడుగున ఇంత పరుగు లేదు. ఆల్చిప్ప ఉన్నచోటే నీటిని వడగట్టుకుని తింటుంది. దోసకాయలా కనిపించే సముద్ర దోసకాయ అనే జీవి బురద మింగి, అందులోని సారం అరిగించుకుని, మిగతాది వదిలేస్తుంది. అయితే తిండికి పైవాళ్ల మీద ఆధారపడాలి. సుమారు 200 మీటర్లు దాటితే మొక్క జాతికి చాలినంత ఎండ ఉండదు. సముద్రం సగటు లోతేమో 3,700 మీటర్ల దాకా ఉంది. పైన చచ్చిన సూక్ష్మజీవులూ, చేపల రెట్టలూ మెల్లగా దిగుతుంటే, దారిలో ఎందరో తినగా మిగిలిందే అడుగువాళ్ల వాటా. దీనికి మినహాయింపులు లేకపోలేదు. 1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగస్ దీవుల దగ్గర, సముద్రగర్భంలోని వేడినీటి ఊటల చుట్టూ, ఎండతో పనిలేకుండా రసాయనాల నుంచి ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా ఆధారంగా బతికే జీవుల గుంపులు బయటపడ్డాయి.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మాత్రం ఇల్లు మారే జీవులు. ఇసుకలో బల్లపరుపుగా పడుకునే సోల్ చేపకు రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. పుట్టినప్పుడు అలా ఉండవు. పిల్లగా నడినీటిలో నిటారుగా ఈదేటప్పుడు అన్ని చేపల్లాగే చెరో పక్కన ఒక కన్ను. అడుగుకు దిగే వేళకు ఒక కన్ను నెత్తి మీదుగా జరిగి రెండో దాని పక్కకు చేరుతుంది. లేకపోతే ఆ కన్ను జన్మంతా ఇసుకలోనే కూరుకుపోయేది మరి!

పీత కూడా అంతే. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు పీత పోలికే ఉండదు. పైనీటిలో తేలుతూ, చాలాసార్లు కవ్వలకే ఆహారమవుతుంది. తప్పించుకున్నది అడుగుకు దిగి, డొప్ప గట్టిపడి, చచ్చి కిందపడిన కవ్వ దొరికితే దాన్నీ వదలదు.