గాజు పళ్ళెంలో చచ్చినంత మాత్రాన

పెద్దలకు, తోటి పరిశోధకులకు, విద్యార్థులకు నమస్కారం. మర్యాదలు ఇంతటితో ఆపి విషయానికి వస్తాను.

"ఫలానా ఆకు సారం పరాన్నజీవిని చంపింది" అని చదివిన ప్రతిసారీ నేను అడిగేది ఒక్కటే: అదే సారం మనిషి కణాన్ని ఏం చేసింది? గాఢత పెంచుకుంటూ పోతే ఉప్పునీళ్లు కూడా చంపుతాయి. సగం పరాన్నజీవులు ఎన్ని మైక్రోగ్రాముల దగ్గర చచ్చాయో రాస్తారు. సగం ఆరోగ్యకరమైన కణాలు ఎక్కడ చచ్చాయో రాయరు. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఎడం ఉంటే అంత ఆశ.

కాలా అజార్‌నే తీసుకోండి. ఆ జ్వరాన్ని తెచ్చే పరాన్నజీవి లీష్మేనియా, ఇసుక ఈగ కడుపులో తోకలాంటి కశాభంతో ఈదుతుంది. ఆ రూపాన్ని సీసాలో పెంచడం తేలిక కాబట్టి పరీక్షలు ఎక్కువగా దానిమీదే. రోగి ఒంట్లో అది గుండ్రంగా మారి మాక్రోఫేజ్ అనే రక్షక కణం లోపల నక్కి ఉంటుంది. మన సారం అక్కడిదాకా వెళ్తుందా?

చైనా శాస్త్రవేత్త తూ యూయూ గురించి చెప్పకుండా నేను ఏ వేదికా దిగలేదు, ఇవాళా దిగను. చింగ్‌హావ్ మొక్క సారం మలేరియా మీద మొదట బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే చేయలేదు. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆమె నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ మాటలను మళ్లీ చదివారు: గుప్పెడు చింగ్‌హావ్ నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి. కాచమని లేదు! వినండి, కాచమని లేదు. వేడికే మందు చెడుతోందని అనుమానించి, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. విషగుణమున్న ఆమ్ల భాగాన్ని వేరుచేసి తీసేశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను నూటికి నూరు శాతం అణచింది. 1972లో రోగులకు ఇచ్చేముందు ఆమె, సహచరులు తామే తీసుకుని చూశారు. నోబెల్ 2015లో వచ్చింది. నాకు మాత్రం ఆ బహుమతి కంటే ఆ ఈథరే గొప్ప.

మరి నా దగ్గరికి పరిశీలనకు వచ్చే వ్యాసాల్లో ఏముంటుంది? "ఆకులు ఎండబెట్టి సారం తీశాము." ఎండలోనా, నీడలోనా? ఏ ద్రావణితో? ఎంత వేడిలో? ఏ నెలలో కోసిన ఆకులు? ఒక్కదానికీ జవాబుండదు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

వెనక వరుసలో ఉన్న పిల్లలూ, మీతోనే. కోసిన కొమ్మనొకదాన్ని అదిమి ఆరబెట్టి, ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో నంబరుతో పెట్టండి. పనిచేయని సారాల ఫలితాలనూ అచ్చువేయించండి; ఇంకొకరు అదే మొక్క మీద ఏళ్లు పోగొట్టుకోకుండా ఉంటారు. సారాన్ని కరిగించే డైమిథైల్ సల్ఫాక్సైడ్ మోతాదు మించితే అదే పరాన్నజీవులను చంపుతుంది. ఆ ద్రావణి మాత్రమే పోసిన గుంట మీ పళ్ళెంలో ఉందా? లేకపోతే రేపు పొద్దున మళ్లీ మొదలుపెట్టండి.