చమురు తెట్టు అడుగున

సభకు నమస్కారం.

చమురు బావి ప్రమాదం అనగానే గోదావరి జిల్లాల వారికి 1995 నాటి పాశర్లపూడి మంట గుర్తుకు వస్తుంది. జనవరి 8న ఎగసిన ఆ మంట 65 రోజుల దాకా ఆరలేదు. అది నేల మీది బావి కనుక జరిగిందంతా జనం కళ్లారా చూశారు. సముద్రంలో బావికి ప్రమాదం జరిగితే నష్టంలో పెద్ద పాలు నీటి అడుగునే జరిగిపోతుంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ కనపడని పాలు గురించే.

ఈ విషయంలో లోతైన పరిశోధన జరిగిన ప్రమాదం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గుది, అంటే సముద్రంలో బావి తవ్వే వేదికది. 2010 ఏప్రిల్ 20న ఆ రిగ్గు పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న బావి మూతి నుంచి 87 రోజుల పాటు ముడిచమురు బయటికి చిమ్మింది. చమురులో తడిసి ముద్దయిన గూడబాతుల ఫొటోలను ప్రపంచమంతా చూసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ నీళ్లలోనే, బ్లూఫిన్ ట్యూనా చేపలు గుడ్లు పెడుతున్నాయి. ఈ గుడ్డు మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది, గాజుపూసలా పారదర్శకంగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే పిండం గుండె కొట్టుకోవడం నేరుగా కనిపిస్తుంది. చమురు నుంచి నీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా ఆ గుండె నెమ్మదించి, లయ తప్పి, దాని చుట్టూ నీరు చేరుతుందని 2014లో వెలువడిన పరిశోధనలు చూపాయి. గుండె కణం ముడుచుకోవాలంటే కాల్షియం లోపలికి రావాలి, సడలాలంటే పొటాషియం బయటికి పోవాలి. చమురు ఆ రాకపోకలు రెండింటినీ చెడగొడుతుంది. అలా పుట్టిన పిల్ల వెంటనే చావకపోయినా గట్టిగా ఈదలేదు, ట్యూనాకు ఈతే బతుకు. కళేబరమేదీ ఒడ్డుకు కొట్టుకురాదు కాబట్టి ఆ చావు ఎవరి లెక్కలోకీ ఎక్కదు.

తెట్టును విడగొట్టడానికి అప్పట్లో సుమారు 70 లక్షల లీటర్ల రసాయనాలు వాడారు, అందులో దాదాపు 40 శాతాన్ని బావి మూతి దగ్గరే కలిపారు. దీనివల్ల చమురు మాయం కాలేదు, సన్నని బిందువులై నీటిలో కలిసింది. ఒడ్డుకు కాస్త మేలు చేసిన ఆ పని, నా ఉద్దేశంలో, భారాన్ని లోతు నీటి జీవుల మీదికి నెట్టింది. ఆ ఏడాది నవంబరులో బావికి నైరుతిగా 11 కిలోమీటర్ల దూరాన, 1,370 మీటర్ల లోతున, గోధుమ రంగు మడ్డి కప్పుకున్న పగడాలు బయటపడ్డాయి. తరువాతి ఏళ్లలో మళ్లీ వెళ్లి చూస్తే, మడ్డి తక్కువగా పట్టిన కొమ్మలు కొంత తేరుకున్నాయి. బాగా పట్టిన వాటి మీద హైడ్రాయిడ్లనే వేరే జీవులు అల్లుకున్నాయి.

ప్రమాదం లేని రోజుల్లో కూడా సముద్రానికి పూర్తి విశ్రాంతి ఉండదు. తవ్వకానికి ముందు చమురు జాడ కోసం ఓడల నుంచి కొన్ని సెకన్లకోసారి గాలి తుపాకులు పేలుస్తారు. ఆ చప్పుడు 1.2 కిలోమీటర్ల దూరంలోని జంతుప్లవకాలను, అంటే నీటిలో తేలియాడే చిన్న చిన్న జీవులను, కూడా చంపుతుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించారు. ఆపైన తవ్వకపు బురద, రాతిపొడి బావి చుట్టూ అడుగున పరుచుకుని అక్కడి పురుగులను, నత్తలను కప్పేస్తాయి.

మన కాకినాడ తీరానికి ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్ లోతు నీటి క్షేత్రంలో 2024 జనవరిలో చమురు ఉత్పత్తి మొదలైంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుక మీదికి వచ్చేది కూడా ఆ నెలల్లోనే. ఏటా ఒడ్డున కనిపించే చచ్చిన తాబేళ్లను రిగ్గుల ఖాతాలో వేయడం తేలికే గాని న్యాయం కాదు. వాటిలో ఎక్కువ భాగం మరబోట్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవి. రిగ్గుల ప్రభావాన్ని వెతకవలసిన చోటు బావి చుట్టూ ఉన్న అడుగు మట్టి, నీటిలో తేలే చేపగుడ్లు. తవ్వకానికి ముందు తీసిన నమూనా చేతిలో లేకపోతే, తరువాత తీసినదాన్ని దేనితో పోలుస్తాం? కాబట్టి ఈ బావుల దగ్గర తవ్వకానికి ముందు తీసిన నమూనాల ఫలితాలను, ఇకపై ఏటా తీసేవాటి ఫలితాలను, మన జాలరులూ విద్యార్థులూ చదువుకోగలిగేలా తెలుగులో బయటపెట్టాలని ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.