రాతి గొడ్డలి దొరికితే ఎవరిది? స్టూడియో చర్చ పూర్తి పాఠం

కొండ పక్క చేలో కొందరు కుర్రాళ్ళు సొంతంగా తవ్వి రాతి గొడ్డళ్ళు, కుండపెంకులు బయటికి తీసి వీడియో పెట్టారు. దాని మీద మొదలైన గొడవ చివరికి స్టూడియోదాకా వచ్చింది. ఆ చర్చ విని ఉన్నదున్నట్టు రాశాను. ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చిన చోట చుక్కలు పెట్టాను. మోడరేటరు కాక మాట్లాడింది ముగ్గురు: రాతి పనిముట్లు సేకరించే ఒక మాస్టారు, పురావస్తు శాఖ రిటైర్డ్ అధికారి, ఒక పరిశోధకురాలు. పరిశోధకురాలి మాట చాలాసార్లు సగంలోనే తెగింది. ఆవిడను పూర్తిగా చెప్పనిస్తే బాగుండేది.

మోడరేటర్: సూటిగా ఒకటే ప్రశ్న. అనుమతి లేకుండా తవ్వేవాళ్ళకూ గుప్తనిధుల ముఠాలకూ తేడా ఏంటి? మాస్టారూ, మీరు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ చేలల్లో రాతి పనిముట్లు ఏరుతున్నారు కదా, మీతోనే మొదలుపెడదాం.

మాస్టారు: ఏరుతున్నాను. తవ్వట్లేదు. ముందు ఆ తేడా గుర్తుపెట్టుకోండి, నాగలికి పైకొచ్చినవే తీసుకుంటాను. ఇక మీ ప్రశ్నకు ఒక మనిషి గురించి చెప్తాను. ఇంగ్లండ్‌లో సస్సెక్స్ అని, సముద్రం దగ్గర సుద్ద కొండలు. ఆ సుద్దలో చెకుముకి రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆరువేల ఏళ్ళ కిందట జనం గొడ్డళ్ళు చేసుకునే ఆ రాయి కోసం బావుల్లా గోతులు తీసి, అడుగున సొరంగాలు తొలిచారు, అదీ దుప్పి కొమ్ములతో! ఇనుము లేదు, రాగి కూడా లేదు. అలాంటి గనులు బ్లాక్‌ప్యాచ్ అనే కొండ మీద ఉన్నాయని 1922లో కనిపెట్టింది జాన్ పుల్. ప్రొఫెసర్ కాదు, పోస్ట్‌మ్యాన్‌గా బతికిన మనిషి.

మోడరేటర్: అనుమతి ఉందా ఆయనకి?

మాస్టారు: ఉండండి, చెప్పనివ్వండి. ఆయన వెళ్ళి స్థానిక పురావస్తు సంఘానికి చెప్పాడు. పద్ధతిగానే చెప్పాడు. వాళ్ళు వచ్చి మొదటి బావి తవ్వించారు, 1924లో నివేదిక అచ్చేశారు, నలుగురు రచయితల పేర్లున్నాయి, ఈయన పేరు లేదు! చూపించినవాడి పేరు లేదు. అందుకే మన కుర్రాళ్ళు చెప్పడానికి భయపడుతున్నారు.

రిటైర్డ్ అధికారి: మాస్టారూ, ఒక్క మాట. ఆ నలుగురిలో కర్వెన్‌లు తండ్రీ కొడుకులు, ఇద్దరూ వైద్యులు. అంటే వాళ్ళదీ పురావస్తు ఉద్యోగం కాదు. అందుకని దీన్ని ప్రొఫెషనల్స్‌కీ అమెచ్యూర్లకీ మధ్య తగాదా అనడం...

మాస్టారు: డాక్టరుకిచ్చే గౌరవం పోస్ట్‌మ్యాన్‌కి ఇస్తారా సార్? నేను చెప్పేదీ అదే.

పరిశోధకురాలు: పుల్ గారి విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. ఆయన ప్రతి బావికీ బొమ్మ గీశాడు, ఏ పొరలో ఏది దొరికిందో రాసుకున్నాడు. తవ్వకం అంటే ఒక్కసారే చదవగలిగే పుస్తకం లాంటిది, చదువుతూ చదువుతూ పేజీ చింపేస్తాం. రాసుకోకపోతే ఇక...

మోడరేటర్: మేడమ్, మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. సార్, మన చట్టం ప్రకారం ఆ కుర్రాళ్ళను అరెస్ట్ చెయ్యొచ్చా? గుప్తనిధుల కేసు పెట్టొచ్చా?

అధికారి: మీరు అన్నీ కలిపేస్తున్నారు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. రక్షిత స్థలాల మీద 1958 చట్టం ఉంది. తవ్వకానికి లైసెన్సు కావాలి, రాష్ట్ర ప్రభుత్వమైనా కేంద్రం అనుమతి లేకుండా తవ్వకూడదు. అయితే చేను గట్టున రాతి గొడ్డలి ఏరుకున్న పిల్లాడి మీద నిధుల కేసు...

మోడరేటర్: అంటే వదిలేస్తారా?

అధికారి: వదిలెయ్యమని నేను అన్నానా?

మాస్టారు: వదిలేస్తున్నారు సార్, పెద్దవాళ్ళని! జ్వాలాపురంలో బూడిద సంగతేంటి? సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట పేలితే ఆ బూడిద మన కర్నూలు వైపు వచ్చి పడింది. దాని కిందా పైనా ఆదిమానవుడి పనిముట్లు దొరికాయి, ప్రపంచమంతా చెప్పుకున్నారు. ఆ బూడిదను జనం ఎందుకు తవ్వుకుపోయారో తెలుసా? గిన్నెలు తోముకునే పౌడరు చెయ్యడానికి. బళ్ళారి పక్క సంగనకల్లు, కుప్గల్ కొండల్లో రాతి గొడ్డళ్ళు తయారుచేసిన చోటు ఉంది, అక్కడ క్వారీ! లారీలకు లారీలు పోతుంటే లేని టెన్షన్, ఒక్క కుర్రాడు గునపం పడితే వచ్చిందా?

పరిశోధకురాలు: క్వారీ తప్పే, నేనూ ఒప్పుకుంటాను. క్వారీ తప్పైనంత మాత్రాన గునపం ఒప్పైపోదు కదా మాస్టారూ. మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మీ దగ్గరున్న గొడ్డళ్ళు ఏ చేలో దొరికాయో...

మాస్టారు: అమ్మా, నేను ఇంకా అయిపోలేదు. బ్లాక్‌ప్యాచ్ ఏమైందో వినండి. తర్వాత ఆ కొండను బుల్డోజర్‌తో చదును చేసి సాగులోకి తెచ్చారు. ఇప్పుడక్కడ చూద్దామంటే గోతులు లేవు, గుట్టలు లేవు. ఆ పోస్ట్‌మ్యాన్ పదేళ్ళపాటు సెలవు రోజుల్లో తవ్వి గీసిన బొమ్మలే మిగిలాయి. తవ్వకపోయి ఉంటే అవీ ఉండేవి కావు. అరెస్ట్ చెయ్యాల్సింది ఎవరిని?

(కొంతసేపు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. మాస్టారి గొంతే వినబడింది.)

పరిశోధకురాలు: ...అందుకే చెప్తున్నాను, మిగిలింది బొమ్మ. కుర్రాళ్ళ వీడియోలో బొమ్మ ఎక్కడుంది? కొలత ఎక్కడుంది? గ్రీన్‌వెల్ అని ఒక చర్చి ఫాదర్, ఇంగ్లండ్‌లోనే నార్‌ఫోక్‌లో గ్రైమ్స్ గ్రేవ్స్ అనే చెకుముకి గనుల్లో 1868 నుంచి 1870 దాకా తవ్వించాడు, నాలుగు వందలకు పైగా బావులున్న చోటు. కూలిపోయిన ఒక సొరంగంలో సుద్ద తీసి చూస్తే, పనివాళ్ళు వదిలివెళ్ళిన కొమ్ము గునపాలు పెట్టినచోటే ఉన్నాయి. పిడి మీద అంటుకున్న సుద్దలో చేతి గుర్తు కూడా ఉంది. ఎవరో ఆ రోజు పని ఆపి, రేపు వద్దామని పైకెక్కి వెళ్ళారు. ఆ గునపం ఎక్కడ, ఎలా పడి ఉందో ఆయన చూసి రాశాడు కాబట్టే మనకు ఈ సంగతి తెలుసు. అదే పైకి లాగి వీడియో తీసి ఉంటే మనకు మిగిలేది ఒక కొమ్ము ముక్క.

మోడరేటర్: చాలా బాగా చెప్పారు. అయితే ఇందులో మోసాలు కూడా ఉంటాయి కదా? నకిలీ విగ్రహాలు, నకిలీ నాణేలు, మళ్ళీ గుప్తనిధుల వ్యాపారం...

అధికారి: మోసాలు జరిగాయి. అదే సస్సెక్స్‌లో చార్లెస్ డాసన్ అనే లాయరు ఉండేవాడు, ఆయన తెచ్చిన పుర్రెను మనిషి పూర్వీకుడిదంటూ, పిల్ట్‌డౌన్ మనిషి అని పేరు పెట్టి 1912లో ప్రకటించారు. అది నకిలీ అని 1953లో తేలింది, నలభై ఏళ్ళు శాస్త్రాన్ని తప్పుదారి పట్టించింది. గ్రైమ్స్ గ్రేవ్స్‌లోనూ 1939లో అక్కడ తవ్విన ఆర్మ్‌స్ట్రాంగ్ సుద్దతో చేసిన అమ్మవారి బొమ్మ దొరికిందన్నాడు, దాని మీద అనుమానం ఈ రోజుకీ ఉంది.

మోడరేటర్: చూశారా! నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

మాస్టారు: పిల్ట్‌డౌన్‌ని నమ్మింది ఎవరు? పెద్ద పెద్ద మ్యూజియం వాళ్ళే కదా! అమెచ్యూర్ మోసం చేశాడంటారు, నమ్మినవాళ్ళ డిగ్రీల సంగతి ఎవరూ ఎత్తరు. పుల్ సంగతి ఇంకా ఉంది. సిస్‌బరీ అనే ఇంకో చెకుముకి గనుల కొండ మీద 1950ల్లో తవ్వాడు, బావిలో ఒక యువతి అస్థిపంజరం బయటపడింది. అలాంటి మనిషి చివరికి ఎలా పోయాడో తెలుసా? బ్యాంకులో కాపలా ఉద్యోగంలో ఉండగా 1960 నవంబర్‌లో దొంగలు కాల్చేశారు.

మోడరేటర్: అయ్యో. దొంగలు దొరికారా?

మాస్టారు: దొరికారు. కాల్చినవాడిని మరుసటి ఏడాది ఉరితీశారు.

(రెండు నిమిషాలపాటు ఆ దోపిడీ గురించీ ఉరిశిక్ష గురించీ మాట్లాడారు. విషయానికి సంబంధం లేదు కాబట్టి రాయలేదు.)

అధికారి: మనకు మన ఉదాహరణే ఉంది. కోటిలింగాలలో ధర్మపురి సంగనభట్ల నరహరి శర్మ గారు నాణేలు సేకరించారు. అవి శాసనాలు, నాణేలు చదివే పండితుడు పరబ్రహ్మశాస్త్రి గారి చేతికి చేరాయి, వాటి మీద శాతవాహన రాజు చిముకుడి పేరు చదివారు. శర్మ గారు ఊరి మనిషే, అయినా నాణేలు తెలిసినవాడి చేతికి వెళ్ళాయి. ఆ దారి ఉందని కుర్రాళ్ళకు చెప్పాలి. శాఖలో ఉన్న నాలాంటివాళ్ళం ఆ దారి తెరిచి ఉంచామా అంటే...

మాస్టారు: ఉంచలేదు! మీరే ఒప్పుకుంటున్నారు.

అధికారి: పూర్తిగా ఉంచలేదు.

మాస్టారు: విన్నారు కదా. మా వైపు ఊళ్ళలో రాతి గొడ్డలి దొరికితే పిడుగుతో పడిందని చెట్టు కింద అమ్మవారి దగ్గర పెట్టి పసుపు కుంకుమ పెడతారు. అలా పూజ చేసే ముసలమ్మ కూడా అనుమతి తీసుకోవాలా?

పరిశోధకురాలు: అక్కర్లేదు, ఆ చెట్టు కింద ఉన్నవి అక్కడే ఉండనివ్వండి. మాస్టారూ, నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు, ఇది మూడోసారి. మీ ఇంట్లో ఉన్న గొడ్డళ్ళకు ఊరు, చేను, తేదీ రాసి ఉన్నాయా?

మోడరేటర్: టైమ్ అయిపోతోంది. మాస్టారు చెప్పినట్టు పెద్ద క్వారీలను వదిలేసి చిన్నవాళ్ళ మీద పడడం తప్పు, ఆ మాట గట్టిగానే వినబడింది. గుప్తనిధుల ముఠాల మీద వచ్చేవారం ప్రత్యేకంగా మాట్లాడదాం...

పరిశోధకురాలు: ఒక్క నిమిషం, ఆయన్ని చెప్పనివ్వండి.

మాస్టారు: రాశానమ్మా. అన్నింటికీ కాదు. మొదట్లో ఏరినవి ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటికి...

మోడరేటర్: బ్రేక్ తీసుకోక తప్పదు. నమస్కారం.